ఊరు ఇక్కడ, రాజ్యం అక్కడ

మా మామయ్యది యానాం. కొబ్బరితోటకు వెళ్లే దారి గురించి పక్క కమతం వాళ్లతో ఏళ్ల తరబడి నడుస్తున్న తగాదా ఒకటి ఉంది. కింది కోర్టుల్లో తిరిగి తిరిగి చివరికి సెకండ్ అప్పీలుగా మద్రాస్ హైకోర్టుకు చేరింది. వాయిదా ఉందని పోయిన నెల మా ఇంటికి వచ్చారు. కాకినాడలో సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, రాత్రంతా ప్రయాణం చేసి, పొద్దున్నే ఎగ్మోర్‌లో దిగారు. చేతిలో ఒక గుడ్డసంచి, అందులో తెలుగు దస్తావేజులు, వాటికి ఇంగ్లీషు తర్జుమాలు, మడతల దగ్గర చిరిగిపోతుందని పాత క్యాలెండర్ కాగితంలో చుట్టి పెట్టుకున్న తోట పటం.

పెరంబూరులో మా ఇంట్లో ఇడ్లీ తింటూ ఉంటే మా అమ్మాయి అడిగింది, "తాతయ్యా, మీది ఆంధ్రా కదా, కేసు చెన్నైలో ఎందుకు వేశారు?" అని. ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి, "మా ఊరు ఆంధ్రాలో ఉంది తల్లీ, ఆంధ్రాది కాదు" అన్నారు. ఆ పిల్లకు అర్థం కాలేదు. నిజం చెప్పాలంటే ఇంట్లో పెద్దవాళ్లకు కూడా సగమే తెలుసు. ఆ రోజు నుంచీ ఈ సంగతి నా బుర్రలో తిరుగుతూనే ఉంది, చదివిన కొద్దీ ఇది ఒక్క యానాం కథ కాదని తెలిసింది. అందుకే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందు యానాం సంగతి. సుమారు 30 చదరపు కిలోమీటర్ల నేల, గౌతమీ గోదావరి ఒడ్డున ఉంటుంది. ఇటు వెళ్తే కాకినాడ, అటు వారధి దాటితే ఎదుర్లంక, కోనసీమ. ఎటు నడిచినా కాసేపటికి ఆంధ్రప్రదేశే వస్తుంది. మాట తెలుగు, పండగలు తెలుగు, వియ్యాలన్నీ చుట్టుపక్కల గోదావరి ఊళ్లతోనే. పిన్‌కోడ్ 533464, అంటే గోదావరి జిల్లాల వరసే. ల్యాండ్‌లైన్ల రోజుల్లో ఎస్టీడీ కోడ్ కూడా కాకినాడదే, 0884. బళ్లో పిల్లలు చాలాకాలం చదివింది ఆంధ్ర సిలబస్సే. కానీ బండి నంబరు ప్లేటు చూస్తే పీవై 04 అని ఉంటుంది. వాళ్ల ఎమ్మెల్యే వెళ్లి కూర్చునేది పుదుచ్చేరి అసెంబ్లీలో, ఎన్నికై వచ్చే 30 మందిలో ఒకరిగా. ఆ పుదుచ్చేరి యానాంకు 800 కిలోమీటర్ల దూరంలో ఉంది. దానికి సొంత హైకోర్టు లేదు, మద్రాస్ హైకోర్టే దానికీ హైకోర్టు. అందుకే ఆంధ్ర హైకోర్టు ఉన్న అమరావతి పక్కనుంచే రైలు వచ్చినా మామయ్య దిగాల్సింది చెన్నైలోనే అయింది.

చెన్నైలో ఉండేవాళ్లు ఈ వింత చూడటానికి అంత దూరం వెళ్లక్కర్లేదు. ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద పుదుచ్చేరి వైపు కారులో వెళ్తే చాలు. మరక్కాణం దాటాక కనకచెట్టికుళం దగ్గర పుదుచ్చేరి మొదలవుతుంది, కాలాపేట, యూనివర్సిటీ వస్తాయి, సరే ఊరొచ్చేసిందనుకుంటాం. కాసేపటికి బోర్డులు మళ్లీ తమిళనాడువి అయిపోతాయి, పెరియముదలియార్‌చావడి, కోట్టకుప్పం అన్నీ విళుప్పురం జిల్లావి. ఇంకాస్త ముందుకెళ్తే మళ్లీ పుదుచ్చేరి. మ్యాపు తెరిచి చూస్తే పుదుచ్చేరి ఒక ముద్దలాగా ఉండదు, కాగితం చింపి నేల మీద చల్లినట్టు పదికి పైగా ముక్కలుగా ఉంటుంది, మధ్యమధ్యలో తమిళనాడు. దక్షిణాన 130 కిలోమీటర్ల దూరంలో కారైకాల్, అవతలి తీరంలో కేరళ మధ్య 9 చదరపు కిలోమీటర్ల మాహే, ఇటు మన గోదావరి దగ్గర యానాం. ఇవన్నీ కలిపి ఒకే కేంద్రపాలిత ప్రాంతం.

ఇలాంటి నేలలకు ఇంగ్లీషులో రెండు పేర్లున్నాయి, ఎన్‌క్లేవ్, ఎక్స్‌క్లేవ్. రెంటినీ కలగలిపి వాడేస్తుంటారు కానీ తేడా తేలికే. చుట్టూ పూర్తిగా ఇంకొకరి నేల ఉంటే ఎన్‌క్లేవ్. సొంత రాజ్యం నుంచి తెగి విడిగా ఉంటే ఎక్స్‌క్లేవ్. ఇంటి నుంచి చూస్తే ఒక పేరు, పొరుగింటి నుంచి చూస్తే ఇంకో పేరు. రోమ్ నగరం మధ్యలో ఉన్న వాటికన్, దక్షిణాఫ్రికా కడుపులో ఉన్న లెసోతో ఎన్‌క్లేవులే, కానీ అవి ఎవరి నుంచీ తెగిన ముక్కలు కావు, స్వతంత్ర దేశాలు. అమెరికాకు అలాస్కా ఎక్స్‌క్లేవ్, మధ్యలో కెనడా అడ్డం, కానీ దానికి సముద్రం ఉంది కాబట్టి ఎన్‌క్లేవ్ కాదు. కారైకాల్ కూడా అంతే, మూడు వైపులా తమిళనాడు, నాలుగో వైపు బంగాళాఖాతం. యానాంకు సముద్రం ఇంకా కొన్ని కిలోమీటర్ల అవతల ఉంది, చుట్టూ ఆంధ్రే, కాబట్టి అది రెండూను. యానాం మన దేశం లోపలి సంగతి కాబట్టి ఇక్కడ అడ్డు రాష్ట్ర సరిహద్దు మాత్రమే, పాస్‌పోర్టు అడిగేవాడు లేడు. ఆ ఒక్క తేడా మీదే ఈ కథ అంతా ఆధారపడి ఉంది, దాని దగ్గరికే వస్తున్నాను.

పల్లెటూళ్లో పెరిగినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. నాలుగు కమతాల మధ్య మీ అరెకరం ఉందనుకోండి. పట్టా మీ పేరునే ఉంది, శిస్తు మీరే కడుతున్నారు, రాళ్లు పాతే ఉన్నాయి. ఐనా నాగలి వెళ్లాలన్నా, కోసిన పంట ఇంటికి రావాలన్నా పక్కవాడి గట్టు మీదుగానే రావాలి. వాడితో సఖ్యంగా ఉన్నంతకాలం ఆ గట్టు ఉన్నట్టే తెలియదు. మాటా మాటా వచ్చిన రోజున వాడు గట్టుకు అడ్డంగా ముళ్లకంప వేస్తాడు, మీ అరెకరం కాగితం మీద మిగులుతుంది. మా మామయ్య తోట గొడవ అచ్చంగా ఇదే. పుంత నుంచి తోటకు ఉన్న దారిని పక్కవాళ్లు కంచె వేసి మూసేశారు. తోట ఎవరిదన్న దాని మీద ఎవరికీ పేచీ లేదు. దేశాల మధ్య తెగిపడ్డ ముక్కల కథలన్నీ చదివాక నాకు అర్థమైంది కూడా ఇంతే, భూమి ఎవరిదనే ప్రశ్న సంతకాలతో తేలిపోతుంది, అసలు చిక్కంతా దారి ఎవరిస్తారన్న దగ్గరే.

ఐతే అసలు ఇలాంటి ముక్కలు ఎలా పుట్టాయి? పూర్వం రాజ్యం అంటే ఇప్పటిలా మ్యాపు మీద గీసిన గీత కాదు. ఏ ఊరి శిస్తు ఎవరికి ముడుతుంది అన్నదే రాజ్యం. ఒక ఊరి శిస్తు ఈ రాజుకు, పక్క ఊరిది ఆ నవాబుకు, దాని పక్క ఊరు మళ్లీ ఈ రాజుకే. రైతుకు తేడా ఏమీ లేదు, సంతకు వెళ్లేటప్పుడు ఎవరూ ఆపరు. ఐరోపాలోనూ ఇదే పద్ధతి. బెల్జియం, నెదర్లాండ్స్ సరిహద్దులో బార్లే అనే ఊరుంది, 1198 ప్రాంతంలో బ్రబాంట్ ప్రభువు, బ్రెడా ప్రభువు భూములు పంచుకున్నప్పుడు సాగులో ఉన్న పొలాలు ఒకరు, ఖాళీ నేలలు ఒకరు తీసుకోవడంతో మొదలైన ముక్కలు ఈనాటికీ అలాగే ఉన్నాయి. నెదర్లాండ్స్ నేల మీద 22 బెల్జియం ముక్కలు, వాటి లోపల మళ్లీ 7 నెదర్లాండ్స్ ముక్కలు.

ఒక్కోసారి మాట తేడాతో కూడా ముక్క పుడుతుంది. 1659లో స్పెయిన్, ఫ్రాన్స్ మధ్య పిరనీస్ ఒప్పందం కుదిరింది, ఆ తర్వాత ఏడాది సర్దుబాట్లలో ఆ కొండల్లోని 33 పల్లెలు ఫ్రాన్స్‌కు ఇచ్చేయాలని రాసుకున్నారు. లీవియా అనే ఊరివాళ్లు మాది పల్లె కాదు, రాజు ఇచ్చిన పట్టణ హోదా ఉంది, కాబట్టి మేము ఆ లెక్కలోకి రాము అన్నారు. ఆ వాదన నిలబడింది. ఇవాళ్టికీ లీవియా చుట్టూ ఫ్రాన్స్, లోపల స్పెయిన్. ఒక్క మాటకు ఇంత బలం ఉంటుందా అని నాకు ఆశ్చర్యం వేసింది, కానీ మామయ్య సంచిలో ఉన్న తోట పటం మీద "బాట" అని రాసి ఉందా "గట్టు" అని రాసి ఉందా అన్నదాని మీద కూడా లాయరు గంటసేపు మాట్లాడారట.

యానాం పుట్టుక వ్యాపారంతో. ఫ్రెంచివాళ్లు 1723లో అక్కడ దిగారు. బందరులో కూడా వాళ్లకు చిన్న స్థావరం ఉండేది, ఫ్రెంచిపేట అనే పేరు అక్కడ ఇప్పటికీ ఉంది, దాన్ని మాత్రం 1947లోనే మన దేశానికి అప్పగించేశారు. ఇంగ్లీషువాళ్లతో యుద్ధం వచ్చినప్పుడల్లా యానాం వాళ్ల చేతికి పోవడం, సంధి కుదరగానే ఫ్రెంచివాళ్ల చేతికి తిరిగి రావడం, నెపోలియన్ యుద్ధాలు ముగిసేదాకా ఇలాగే సాగింది. చుట్టూ ఒక చట్టం, లోపల ఇంకో చట్టం ఉంటే ఏమవుతుందో చెప్పడానికి యానాం కంటే మంచి ఉదాహరణ లేదు. బాల్య వివాహాలు ఆపడానికి బ్రిటిష్ ఇండియాలో 1929లో శారదా చట్టం వచ్చింది, యానాం ఫ్రెంచి నేల కాబట్టి ఆ చట్టం అక్కడ చెల్లదు. అంతే, గోదావరి జిల్లాల నుంచి పెళ్లిబృందాలు పిల్లల్ని తీసుకుని యానాం వచ్చి తాళి కట్టించుకుని వెళ్లేవి. ఊరికి కళ్యాణపురం అనే పేరు కూడా పడింది. వినడానికి ముచ్చటగా ఉన్న పేరే, కానీ ఆ పందిళ్ల కింద కూర్చున్న పిల్లల వయసు తలుచుకుంటే బాధగా ఉంటుంది. ఆనాడు మంగళవారం సంతలో విదేశీ సరుకు దొరికేదని జనం వచ్చేవారు, ఈనాడు పన్ను తక్కువని పెట్రోలుకూ మందుకూ వస్తున్నారు. గీత ఎక్కడుంటే తేడా అక్కడ పుడుతుంది, తేడా ఉన్నచోటికి బేరం వస్తుంది.

ఇప్పుడు గీత గట్టిపడితే ఏమవుతుందో చూద్దాం. ఇది చదివినప్పుడు నాకు రెండు రోజులు మనసు బాగోలేదు.

బెంగాల్ ఉత్తరాన కూచ్ బెహార్ రాజ్యం ఉండేది. మొగలులకూ ఆ రాజుకూ జరిగిన యుద్ధాల తర్వాత 1713లో ఒప్పందం కుదిరింది, ఎవరి సైనికులు, జమీందార్లు ఎక్కడున్నారో అక్కడి ఊళ్లు వాళ్లకే అని వదిలేశారు. రాజూ ఫౌజుదారూ చదరంగం ఆడుతూ ఊళ్లను పందెం కాశారని ఒక కథ బాగా ప్రచారంలో ఉంది, చెప్పుకోవడానికి బాగుంటుంది కానీ దానికి ఆధారం లేదు. బెంగాలీలో ఈ ముక్కల్ని ఛిట్‌మహల్ అంటారు, ఛిట్ అంటే తునక, మహల్ అంటే శిస్తు వసూలు చేసే పరగణా భాగం. పేరులోనే అసలు చరిత్ర ఉంది. 1947లో దేశం విడిపోయింది, 1949లో కూచ్ బెహార్ భారత్‌లో కలిసింది, పక్కనే ఉన్న రంగపూర్ తూర్పు పాకిస్తాన్‌కు వెళ్లింది. అప్పటిదాకా శిస్తు పుస్తకంలో ఉన్న తునకలు రాత్రికి రాత్రి విదేశాలైపోయాయి. బంగ్లాదేశ్ లోపల 111 భారత్ ముక్కలు, భారత్ లోపల 51 బంగ్లాదేశ్ ముక్కలు. వాటిలో దహలా ఖాగ్రాబారీ అని ఒకటి ఉండేది, బంగ్లాదేశ్ లోపల ఉన్న భారత్ ముక్క లోపల బంగ్లాదేశ్ ముక్క, దాని లోపల భారత్‌కు చెందిన ఎకరాన్నర పైచిలుకు చేను. అందులో జనపనార పండేది. ప్రపంచంలో అలాంటి మూడు మడతల ముక్క అదొక్కటే.

1952లో రెండు దేశాల మధ్య పాస్‌పోర్టు, వీసా పెట్టారు. ఇక్కడే ఉచ్చు బిగిసింది. ఒక భారతీయ ముక్కలో పుట్టిన మనిషి తన దేశానికి వెళ్లాలంటే చుట్టూ ఉన్న పరాయి దేశం దాటాలి, దానికి వీసా కావాలి, వీసాకు పాస్‌పోర్టు కావాలి, పాస్‌పోర్టు ఇచ్చే ఆఫీసు తన దేశంలో ఉంది, అక్కడికి వెళ్లాలంటే వీసా కావాలి. గడప దాటి సంతకు వెళ్లినా చట్టం ప్రకారం చొరబాటే. పోలీసు రాడు, ఎందుకంటే ఆ దేశం పోలీసు ఈ నేల మీద కాలు పెట్టకూడదు, ఈ దేశం పోలీసు ఇక్కడిదాకా రాలేడు. బడి లేదు, ఆసుపత్రి లేదు, ఓటు లేదు. పిల్లల్ని చుట్టుపక్కల బళ్లో చేర్చాలంటే పక్క ఊళ్లో ఎవరినో బతిమాలి వాళ్లను తండ్రిగా రాయించేవారు. ప్రసవానికి వెళ్లే ఆడపిల్ల ఆసుపత్రి రిజిస్టరులో వేరే మనిషిని భర్తగా చెప్పుకోవాల్సి వచ్చేది. ఆ ఒక్క సంగతి తలుచుకోండి. నొప్పులు పడుతూ, కట్టుకున్నవాణ్ణి గేటు బయట నిలబెట్టి, లోపల ఇంకొకరి పేరు చెప్పాలి, ఎందుకంటే సొంత చిరునామా ఏ దేశంలోనూ లెక్కకు రాదు.

మరి ఇన్నేళ్లు ఎందుకు పట్టింది, మీ ముక్కలు మీరు తీసుకోండి మా ముక్కలు మేము తీసుకుంటాం అంటే ఐపోయేది కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. 1958లోనే నెహ్రూ, పాకిస్తాన్ ప్రధాని ఫిరోజ్ ఖాన్ నూన్ ఈ మాటే అనుకున్నారు. కానీ బేరుబారీ అనే ప్రాంతం అప్పగింత మీద వివాదం రేగింది, 1960లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది, దేశపు నేలను ఇంకొకరికి ఇవ్వాలంటే ప్రభుత్వం సంతకం చాలదు, రాజ్యాంగ సవరణ కావాలని. అది సరైన తీర్పే అని నా అభిప్రాయం, ప్రధానమంత్రి సంతకంతో ఊళ్లు చేతులు మారిపోకూడదు. కానీ దాని ఫలితంగా ప్రతిసారీ రాజకీయం అడ్డం పడింది. పైగా లెక్క సమానంగా లేదు, మన ముక్కలు సుమారు 17,000 ఎకరాలు, వాళ్లవి సుమారు 7,000 ఎకరాలు, పది వేల ఎకరాలు పోగొట్టుకుంటామా అన్న మాట పార్లమెంటులో బాగా పలుకుతుంది. ఆ పది వేల ఎకరాల్లో మన ప్రభుత్వం ఒక్క బోరింగు పంపు కూడా వేయలేకపోయిందన్న మాట అంత గట్టిగా పలకదు. 1974లో ఇందిరాగాంధీ, ముజీబుర్ రెహమాన్ ఒప్పందం చేసుకున్నారు, 2011లో మళ్లీ ప్రోటోకాల్ రాసుకున్నారు, చివరికి నూరవ రాజ్యాంగ సవరణతో 2015 జులై 31 అర్ధరాత్రి 162 ముక్కలూ చేతులు మారాయి. అందులో ఉన్న యాభై వేల మందికి పైగా జనానికి ఏ దేశం కావాలో ఎంచుకోమన్నారు. బంగ్లాదేశ్ వైపు నుంచి వెయ్యికి కాస్త తక్కువ మంది భారత్‌కు వచ్చారు, ఇటు నుంచి అటు ఒక్కరూ వెళ్లలేదు. మిగతా అందరూ ఉన్న ఇంట్లోనే ఉండి దేశం మార్చుకున్నారు. ఆ రాత్రి ఆ ఊళ్లలో 68 కొవ్వొత్తులు వెలిగించారు, ఏడాదికి ఒకటి చొప్పున.

ఐనా ఒక ముక్క మిగిలింది, దహగ్రామ్-అంగర్‌పోతా. అది బంగ్లాదేశ్‌దే, మన నేల మధ్యలో ఉంది. దానికి దారి కోసం తీన్ బిఘా అనే చోట 178 మీటర్ల పొడవు, 85 మీటర్ల వెడల్పు ఉన్న పట్టీని వాడుకోమని ఇచ్చాం. 1992లో తెరిచినప్పుడు పగటిపూట కొన్ని గంటలే, 2011 నుంచి రోజంతా తెరిచి ఉంటోంది. ఆ రెండు వందల మీటర్లు లేని దారి కోసం ఎన్ని ఏళ్ల పోరాటాలు, అటూ ఇటూ ఎన్ని నిరసనలు జరిగాయో చూస్తే మా మామయ్య కేసు చిన్నదేమీ కాదనిపించింది.

దారి హక్కు గురించి అంతర్జాతీయ కోర్టు దాకా వెళ్లిన కేసు మన దేశానిదే అని చాలామందికి తెలియదు. దాద్రా, నగర్ హవేలీ పోర్చుగీసువాళ్లవి, సముద్రానికి దూరంగా లోపల ఉండేవి, తీరంలో ఉన్న దమణ్ నుంచి అక్కడికి వెళ్లాలంటే భారత్ నేల దాటాలి. 1954 జులై, ఆగస్టుల్లో స్థానికులు, స్వచ్ఛంద సైనికులు కలిసి వాటిని విడిపించారు. పోర్చుగల్ తన బలగాల్ని పంపుదామంటే భారత్ దారి ఇవ్వలేదు. పోర్చుగల్ 1955లో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానంలో కేసు వేసింది. 1960 ఏప్రిల్‌లో వచ్చిన తీర్పు నిజంగా చదవదగ్గది. బ్రిటిష్ కాలం నుంచి ఆచారంగా నడుస్తోంది కాబట్టి మామూలు మనుషులు, సివిల్ అధికారులు, సరుకులు వెళ్లడానికి పోర్చుగల్‌కు దారి హక్కు ఉంది అన్నారు. సైన్యం, సాయుధ పోలీసులు, ఆయుధాలు వెళ్లడానికి మాత్రం ఆ హక్కు లేదు, వాటికి ఎప్పుడూ అనుమతి అడిగే వెళ్లేవారు కాబట్టి. 1954లో దారి ఆపినందుకు భారత్ తప్పు చేసినట్టు కాదని కూడా తేల్చారు. ఈ తీర్పు మామయ్యకు చెప్తే ఆయన ఆసక్తిగా విని, "అంటే మనుషుల్ని పోనివ్వాలి, కర్రలు పట్టుకుని రానివ్వక్కర్లేదు, అంతేగా" అన్నారు. అంతే. దాద్రా నగర్ హవేలీ ఏడేళ్లపాటు వరిష్ఠ పంచాయతీ అనే స్థానిక పాలనలో ఉండి 1961లో భారత్‌లో కలిసింది. విలీన పత్రం మీద సంతకం పెట్టడానికి అక్కడ పనిచేస్తున్న బద్లానీ అనే ఐఏఎస్ అధికారిని ఒక్క రోజు ఆ ప్రాంతానికి ప్రధానమంత్రిని చేశారు.

ముక్క పెద్దదైతే చిక్కు మారుతుందా అంటే, ఇంకా పెరుగుతుంది. 1947 నుంచి 1971 దాకా పాకిస్తాన్‌కు తూర్పు పాకిస్తాన్ అలాంటి ముక్కే, మధ్యలో 1,600 కిలోమీటర్ల భారత్. జనాభా ఎక్కువ తూర్పున, పెత్తనం పడమటన, భాష వేరు, 1952లో బెంగాలీ కోసం ఢాకాలో విద్యార్థులు ప్రాణాలిచ్చారు. విడిపోవడానికి కారణాలు చాలా ఉన్నాయి, వాటన్నిటినీ దూరం మీదకు తోసేయకూడదు, కానీ దారి సంగతి మాత్రం అక్కడా ఉంది. 1971 జనవరిలో గంగ అనే మన విమానాన్ని లాహోర్‌కు హైజాక్ చేసి తగలబెట్టారు, ఫిబ్రవరిలో మన ప్రభుత్వం పాకిస్తాన్ విమానాలకు ఆకాశ దారి మూసేసింది. అప్పటి నుంచి కరాచీ నుంచి ఢాకా వెళ్లాలంటే కొలంబో మీదుగా చుట్టి వెళ్లాల్సి వచ్చింది, కొన్ని నెలల్లో యుద్ధం వచ్చింది.

రష్యాకు కాలినిన్‌గ్రాడ్ ఉంది, పోలండ్, లిథువేనియాల మధ్య బాల్టిక్ తీరంలో, సుమారు 15,000 చదరపు కిలోమీటర్లు. ఒకప్పుడు జర్మన్ల కోనిగ్స్‌బర్గ్, తత్వవేత్త కాంట్ పుట్టి పెరిగిన ఊరు. 1945లో సోవియట్‌ల చేతికొచ్చింది. సోవియట్ యూనియన్ ఉన్నంతకాలం లిథువేనియా కూడా అందులో భాగమే కాబట్టి అది తెగిన ముక్క అని ఎవరికీ అనిపించలేదు. 1991లో యూనియన్ ముక్కలైంది, 2004లో లిథువేనియా యూరోపియన్ యూనియన్‌లో చేరింది, నేల కదలలేదు కానీ దారి పరాయిదైపోయింది. 2022 జూన్‌లో ఆంక్షలున్న సరుకుల్ని లిథువేనియా తన రైలు మార్గంలో ఆపినప్పుడు ప్రపంచమంతా టెన్షన్ పడింది, తర్వాతి నెలలో రైలు రవాణాకు సడలింపు ఇచ్చాక కాస్త చల్లబడింది.

సఖ్యత ఉన్నచోట ఇవే ముక్కలు ఎంత ప్రశాంతంగా ఉంటాయో చూడాలంటే మళ్లీ బార్లేకే వెళ్లాలి. అక్కడ పేవ్‌మెంట్ మీద తెల్ల శిలువ గుర్తులతో సరిహద్దు గీసి ఉంటుంది, కాఫీ హోటల్ బల్లల మధ్యలోంచి, ఇళ్ల మధ్యలోంచి వెళ్తుంది. ఇల్లు ఏ దేశానిదంటే వీధి తలుపు ఎటు ఉందో ఆ దేశానిది. ఒక ఇంటికి గీత సరిగ్గా తలుపు మధ్యలోంచి పోయింది, దానికి రెండు ఇంటి నంబర్లు ఉన్నాయి, అటు ఒకటి ఇటు ఒకటి. రెండు మునిసిపాలిటీలు, రెండు పోలీసు వ్యవస్థలు, ఐనా జనం పనులు ఆగవు. కోవిడ్ మొదట్లో మాత్రం బెల్జియం షాపులు మూయమంది, నెదర్లాండ్స్ అనలేదు, గీత మీద ఉన్న ఒక బట్టల షాపులో సగానికి టేపు కట్టి మిగతా సగంలో అమ్మారు. అమెరికాకు పాయింట్ రాబర్ట్స్ అని చిన్న కొస ఉంది, 1846లో 49వ అక్షాంశాన్ని సరిహద్దుగా గీసినప్పుడు కెనడా వైపు నుంచి దిగిన ద్వీపకల్పం తోక గీత కింద పడిపోయింది. అక్కడి పెద్ద పిల్లలు బడికి వెళ్లి రావడానికి రోజూ నాలుగుసార్లు సరిహద్దు దాటుతారు. కోవిడ్‌లో కెనడా గేట్లు మూసేసరికి సొంత దేశం చేరడానికి పడవ పెట్టుకోవాల్సి వచ్చింది. ఎంత సఖ్యత ఉన్నా గేటు గేటే.

మరి యానాంను ఆంధ్రలో కలిపేస్తే గొడవ ఉండదు కదా అని చెన్నైలో నా తెలుగు స్నేహితులు తరచూ అంటారు. నాకు అది సరైనదిగా అనిపించదు. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో యానాం ఫ్రెంచి పాలన నుంచి బయటపడింది. నవంబరులో పుదుచ్చేరి పాలన భారత్ చేతికొచ్చింది, 1956లో ఒప్పందం మీద సంతకాలైనా ఫ్రెంచి పార్లమెంటు ఆమోదం పొంది పూర్తిగా చట్టబద్ధం కావడానికి 1962 ఆగస్టు 16 దాకా పట్టింది. ఆ ఒప్పందంలో ఒక మాట ఉంది, ఈ ప్రాంతాల ప్రత్యేక హోదా ఏది మార్చాలన్నా అక్కడి ప్రజల అభిప్రాయం తెలుసుకున్నాకే మార్చాలని. బెంగాల్‌లోని చందర్‌నగర్ ప్రజలు 1949లో ఓటేసి భారత్‌లోకి వచ్చారు, తర్వాత పశ్చిమ బెంగాల్‌లో కలిశారు, అది వాళ్ల ఇష్టం. యానాంవాళ్లు అలా అడగలేదు. ఒక చిన్న ఊరికి సొంత ఎమ్మెల్యే, సొంత పరిపాలనాధికారి, ఆఫీసుల్లో తెలుగు వాడుకునే హక్కు ఉన్నాయి, పుదుచ్చేరి భాషా చట్టంలోనే యానాంకు తెలుగు అని రాశారు. పెద్ద రాష్ట్రంలో కలిస్తే అది ఒక మండలం అవుతుంది, అంతే. మామయ్య మాటల్లో చెప్పాలంటే, "దూరం మాకు కష్టమే కానీ, దగ్గరైతే మమ్మల్ని ఎవరు పట్టించుకుంటారు?"

దీనికి అవతలి పక్షం కూడా ఉంది. సర్టిఫికెట్‌లో చిన్న తప్పు పడినా ఫైలు 800 కిలోమీటర్లు వెళ్లి రావాలి, పై అధికారికి తెలుగు రాకపోతే ఇంకో తర్జుమా. యానాంలో రిజిస్టర్ చేసిన బండి కాకినాడ రోడ్డు మీద ఎక్కువ రోజులు తిరిగితే ఆంధ్ర పన్ను అడుగుతారు. ఈ ఖర్చు మామయ్య గుడ్డసంచిలో బస్సు టికెట్ల రూపంలో, నోటరీ ముద్రల రూపంలో కనిపిస్తూనే ఉంది. ఐనా ఈ ఇబ్బందులకూ కూచ్ బెహార్ తునకల బాధకూ పోలికే లేదు, ఎందుకంటే యానాంకు నాలుగు వైపులా దారి తెరిచే ఉంది, ఎవరి దయా అక్కర్లేకుండా.

ఈ సందర్భంలో మన చెన్నై తెలుగువాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయినప్పుడు, మద్రాస్ మనదే అన్న ఉద్యమం తర్వాత, సరిహద్దు గ్రామాలు ఎవరివన్న పేచీ మిగిలింది. దాన్ని తేల్చిన పటాస్కర్ రెండు సూత్రాలు పెట్టుకున్నారు, గ్రామాన్ని యూనిట్‌గా తీసుకుని ఏ భాషవాళ్లు ఎక్కువో చూడాలి, ఆ గ్రామం తమ రాష్ట్రం నేలను ఆనుకుని ఉండాలి. 1960 ఏప్రిల్‌లో తిరుత్తణి ఇటు వచ్చింది, కొన్ని ఊళ్లు అటు వెళ్లాయి. ఆనుకుని ఉండాలన్న ఆ రెండో షరతు లేకపోతే తమిళనాడు లోపల తెలుగు ఊళ్లు ఎన్నో ఆంధ్ర ముక్కలయ్యేవి, ఆంధ్ర లోపల తమిళ ఊళ్లూ అంతే. చాలామంది పెద్దవాళ్లకు ఆ తీర్పు మీద ఇంకా బాధ ఉంది, తిరుత్తణి పేరెత్తితే మా నాన్నగారి గొంతు మారేది. నాకు మాత్రం ఛిట్‌మహల్ కథ చదివాక ఆ షరతు పెట్టిన మనిషి మీద గౌరవం పెరిగింది.

మామయ్య వాయిదా రోజున ఎగ్మోర్‌లో మెట్రో ఎక్కి, సెంట్రల్‌లో మారి, హైకోర్టు స్టేషన్‌లో దిగాం. ఎర్ర భవనం వసారాలో కేసుల జాబితా అంటించిన బోర్డు దగ్గర నిలబడి ఆయన తన నంబరు వెతుక్కున్నారు. పక్కన ఒక పెద్దాయన కారైకాల్ నుంచి వచ్చారట, ఆయనకు తెలుగు రాదు, మామయ్యకు తమిళం వచ్చీరానట్టు వస్తుంది, ఐనా ఇద్దరూ పటాలు బయటికి తీసి ఒకరిది ఒకరు చూసుకున్నారు. కారైకాల్ ఆయన పటంలో కాలువ గట్టు మీద ఎర్ర సిరాతో ఒక గీత ఉంది. మామయ్య దాని మీద వేలు పెట్టి "వళి?" అని, అంటే దారేనా అని, తమిళంలో అడిగారు, ఆయన తల ఊపారు. ఈలోపు లోపలి నుంచి పిలుపు వచ్చింది, కేసు మూడు వారాలకు వాయిదా పడింది. మామయ్య పటాన్ని మళ్లీ క్యాలెండర్ కాగితంలో చుట్టి, సాయంత్రం రైలుకు టికెట్ ఉందో లేదో చూడమని ఫోను నా చేతికిచ్చారు.